పాఠం కాని పుస్తక పరిచయం

పుస్తక పరిచయ ప్రసంగం, అంటే ఒక పుస్తకాన్ని ఇంకా చదవనివారికి చదవాలనిపించేటట్లు వేదిక మీద నుంచి నోటిమాటగా చెప్పడం, తెలుగు ఊళ్లలో చాలావరకు విశ్రాంత ఉపాధ్యాయుల మీదనే ఆధారపడి నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 ఏళ్లకు పదవీ విరమణ చేసే ఉపాధ్యాయునికి అప్పటికి గొంతూ తగ్గదు, చదివే అలవాటూ పోదు. ఇన్నాళ్లూ తరగతి గదికి అలవాటుపడిన ఆ గొంతును శాఖా గ్రంథాలయం, పెన్షనర్ల సంఘం, మహిళా మండలి, ఉదయపు నడక మిత్రుల సంఘం తమ సమావేశాలకు పిలుచుకుంటాయి. పిలుపు రావడం తేలికే. అయితే తరగతిలో ముప్ఫై ఏళ్లు నెగ్గుకొచ్చిన పద్ధతి సభలో చాలాసార్లు ఎదురు తిరుగుతుంది, అందుకు కారణం ఆ పద్ధతి స్వభావంలోనే ఉంది.

తెలుగు పాఠం చెప్పడంలో ప్రతిపదార్థం, అంటే పద్యంలోని ఒక్కొక్క పదానికీ విడివిడిగా అర్థం చెప్పడం, ఆ తరువాత తాత్పర్యం, అంటే మొత్తం భావాన్ని కూడదీసి చెప్పడం అన్నవి తప్పనిసరి మెట్లు. ఏదీ విడిచిపెట్టకపోవడం అక్కడ ధర్మం, ఎందుకంటే విడిచిపెట్టిన పద్యమే పరీక్షలో రావచ్చు. సభలో కూర్చున్నవారికి పరీక్ష లేదు. అయినా అలవాటు కొద్దీ వక్త నవలను మొదటి అధ్యాయం నుంచి చివరి అధ్యాయం దాకా వరుసగా అప్పజెప్పి, ముగింపును కూడా విప్పి, ఆపైన నీతిని తాత్పర్యంగా జోడిస్తే, శ్రోతలు తృప్తిగా చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళతారు. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉండిపోతుంది. ఇది వక్త అసమర్థత వల్ల వచ్చే చిక్కు కాదు. పాఠం ఎంత బాగా చెప్పగలిగినవారైతే ఈ చిక్కు అంత ఎక్కువ.

కథంతా చెప్పినా జనం కదలకుండా వినే సంప్రదాయం తెలుగువారికి లేకపోలేదు. పురాణ కాలక్షేపంలో, అంటే సాయంకాలం గుడి మంటపంలోనో రచ్చబండ దగ్గరో పౌరాణికుడు భారత భాగవతాలను చదివి అర్థం చెప్పే సభలో, ద్రౌపదికి ఏమవుతుందో, గజేంద్రుడు ఎలా బయటపడతాడో చిన్నపిల్లలకు కూడా ముందే తెలుసు. కనుక అక్కడ దాచవలసిందేమీ లేదు, చెప్పే తీరే సర్వస్వం. ఆధునిక గ్రంథాలలో అటువంటి హోదా దాదాపుగా కన్యాశుల్కం ఒక్కదానికే దక్కింది. 1909లో గురజాడ పెంచి రాసిన ఆ నాటకాన్ని పూర్తిగా చదవనివారికి సైతం, 1955లో వచ్చిన సినిమా వల్లనైతేనేమి, నలుగురి నోటా నానిన మాటల వల్లనైతేనేమి, గిరీశం, మధురవాణి పరిచితులే కాబట్టి, వక్త కథను పక్కనబెట్టి రామప్పంతులు మాట్లాడే తీరు మీద గంటసేపు నిశ్చింతగా మాట్లాడవచ్చు. మిగిలిన పుస్తకాల విషయంలో ఆ సౌకర్యం లేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఉదాహరణగా తీసుకుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. రచయిత రాయవెల్లూరు జైలులో ఉండగా రాసిన నవల ఇది, 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఈ మూడు విషయాలూ రెండు నిమిషాలలో చెప్పి ఊరుకోవలసినవి, కాని చాలా ప్రసంగాలలో సగం సమయం వీటికే పోతుంది, ఎందుకంటే రచయిత జీవితాన్ని సేకరించడం నవలలోకి దిగడం కంటే సులువు. నిజానికి పెన్షనర్ల సంఘంలో కూర్చున్న, పల్లెల్లో పుట్టిపెరిగిన శ్రోతలకు ఆ నవలలోకి దగ్గరి దారి కూలి తగాదా: ధాన్యంగా ఇచ్చే కూలిని డబ్బుగా మారిస్తే ఎవరికి లాభం, ఎవరి పొయ్యి ఆరిపోతుంది అన్న ప్రశ్న. కొలిచి పోసిన గింజలను కళ్లారా చూసినవారికి దాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ మొదలుపెట్టి, మంగళాపురం మాలపల్లిలో రామదాసు కుటుంబాన్ని పరిచయం చేసి, అతని కొడుకుల దారులు ఎందుకు వేరవుతాయన్నంత వరకు నడిపించి, ఆ దారులు ఎక్కడికి చేరాయో చెప్పకుండా ఆగగలిగిన వక్త తన పని పూర్తిచేసినట్టే.

ఆగడానికి సన్నాహం కావాలి. సభల్లో ఆరితేరిన వక్తలు పుస్తకాన్ని కనీసం రెండుసార్లు చదువుతారు. రెండవసారి చదివేటప్పుడు అట్ట లోపలి ఖాళీ పేజీ మీద పెన్సిలుతో పేజీ సంఖ్యలు వేసుకుని, చివరకు వాటిలో రెండింటినో మూడింటినో మాత్రమే ఉంచుకుని తక్కినవి కొట్టేస్తారు. సభలో చదివి వినిపించే భాగాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద తిరగరాసుకుంటారు, ఎందుకంటే ఫంక్షన్ హాలు వెలుతురులో పాత ముద్రణల చిన్న అచ్చు కనబడదు, ఒక చేత మైకు, మరొక చేత పుస్తకం పట్టుకుంటే పేజీ తిప్పడానికి మూడవ చెయ్యి ఉండదు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ వంటి పుస్తకమైతే ఇంకా మేలు. అందులోని వంద కథలూ చిన్నవే కనుక ఒక కథను మొదటి నుంచి చివరి దాకా చదివి, దాని మీద వ్యాఖ్యానమేదీ చేయకుండా కూర్చోవచ్చు. వ్యాఖ్యానం చేయకుండా కూర్చోవడం ఉపాధ్యాయునికి ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుసు.

వక్త ఎంత సిద్ధపడినా సభా మర్యాదలు అతని సమయాన్ని మింగేస్తాయి. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలి పలుకులు, ముఖ్య అతిథి సందేశం, శాలువాలు, వందన సమర్పణ పోగా పుస్తకానికి పావుగంట మిగిలితే గొప్ప. ఆ పావుగంటలో కూడా ‘క్లుప్తంగా’ అని రాసిన చీటీ బల్ల మీదకు వస్తుంది. ఇక ఆవిష్కరణ సభ సంగతి వేరు: గ్రంథకర్త వేదిక మీదనే కూర్చుని ఉంటాడు గనుక అక్కడ జరిగేది పొగడ్త తప్ప పరిచయం కాదు, దానికి పుస్తకం చదవవలసిన అవసరమూ అంతగా ఉండదు.

ఇన్ని ఇబ్బందులున్నా ఈ పనికి ఉపాధ్యాయుని కంటే తగినవారు అరుదు. ఎదుటివారి ముఖాలు చూసి ఎక్కడ అందలేదో పసిగట్టడం, అసంబద్ధమైన ప్రశ్న వేసినవారిని చిన్నబుచ్చకుండా దారికి తేవడం, చివరి వరుసకు వినబడేటట్లు అరవకుండా మాట్లాడటం పండితులకు, పాత్రికేయులకు తేలికగా పట్టుబడే విద్యలు కావు. 1911లో విజయవాడ రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం వెలిసిన రోజుల్లో గ్రంథాలయోద్యమం పుస్తకాలను పోగుచేయడంతో ఆగక చదువురానివారికి చదివి వినిపించడం కూడా తన పనిగానే ఎంచుకుంది. నేటి శ్రోతలకు చదువు వచ్చు. కొరవడింది చదవడానికి ఒక ప్రేరణ మాత్రమే.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు వక్తలను పిలిచే నిర్వాహకులు ఈసారి పుస్తకాన్ని ఎంచుకునే స్వేచ్ఛను వక్తకే ఇచ్చి, నలభై నిమిషాలు కేటాయించి, శాలువాకు పెట్టే ఖర్చుతో ఆ పుస్తకం ప్రతులు రెండు కొని బల్ల మీద ఉంచి, సభ ముగియగానే అడిగినవారి పేరు రిజిస్టరులో రాసుకుని ఇంటికి ఇచ్చి పంపాలి.