ఒక్క చుక్క దగ్గర ఆగే చేయి

జేఎన్‌టీయూ, ఉస్మానియా లాంటి విశ్వవిద్యాలయాల్లో నీటిని పరీక్షించేవాళ్ల చేతులంటే నాకెంతో గౌరవం. హైదరాబాద్‌లోని సరూర్‌నగర్ చెరువు నీటిని 300 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి ఒక్క బుడగ కూడా చొరబడకుండా నింపాలి. గట్టుమీదే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ కలుపుతారు. గోధుమరంగు మడ్డి దిగితే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్టే. తెల్లగానే ఉండిపోతే చేపలకు ఊపిరి లేదు. ఆక్సిజన్ ఎంతుందో తేల్చడానికి ల్యాబులో ఆమ్లం పోసి, థయోసల్ఫేట్ చుక్కచుక్కగా వదులుతూ, గంజి ద్రావణం తెచ్చిన నీలం మాయమయ్యే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి. ఎంత ఓపిక కావాలి! వానాకాలం వస్తే కొలతలు మారతాయి: నాలా మట్టం, ప్రవాహ వేగం, గంటకు కురిసిన మిల్లీమీటర్లు. 2020 అక్టోబరులో సరూర్‌నగర్‌లోని కోదండరాంనగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి ముంపు మళ్లీ రాకుండా ఏ కల్వర్టు ఇరుకో, తూము గేటు ఎప్పుడు ఎత్తాలో ముందుగా తేల్చేది ఈ వానాకాలపు కొలతలే.