మిట్టమధ్యాహ్నపు ముఖాలు

సహజమైన వెలుగులో తీసిన ముఖచిత్రంలో కల్పన తక్కువని ఒక నమ్మకం ఉంది. ఫ్లాషు లేదు, స్టూడియో దీపాలు లేవు, వెనక రంగుల తెర లేదు. ఉన్నది సూర్యుడూ, మనిషీ. కనుక ఇది యథార్థం అంటారు. 1943 తెనాలి మహాసభ నాటినుంచీ యథార్థ చిత్రణ గురించి వాదించుకుంటున్న వాళ్ళం, ఈ మాటను ఇంత తేలిగ్గా ఒప్పుకోవడానికి వీల్లేదు. వెలుగు ప్రకృతిదే కావచ్చు. కాని ఆ మనిషిని ఏ వేళప్పుడు, ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయించినవాడు ఎవడు?

అరకు లోయ గిరిజనుల ముఖాలను క్యాలెండర్ల మీద, హోటళ్ళ గోడల మీద, పత్రికల అట్టల మీద దశాబ్దాలుగా చూస్తున్నాం. అందులో చాలా భాగం ఒకే వేళలో తీసినవని కాస్త పరీక్షగా చూస్తే తెలుస్తుంది. ముక్కు నీడ పెదవి మీద పడి ఉంటుంది. దీనికి కారణం సౌందర్యశాస్త్రంలో వెతకనక్కర్లేదు. విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరు, సొరంగాలన్నీ దాటుకుని అరకు చేరేసరికి పదకొండు గంటల ప్రాంతం అవుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించి జపాను పంపడానికి 1960లలో వేసిన లైను అది. కొండల్లోంచి ఖనిజం దిగడానికి వేసిన దారినే యాత్రికుడు ఎక్కుతున్నాడు. దిగాలి, భోంచేయాలి, థింసా చూడాలి, చీకటి పడకుండా తిరిగి పోవాలి. అంటే అతని కెమేరాకు గిరిజనులు దొరికేది మిట్టమధ్యాహ్నం.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కనుబొమల నీడ కళ్ళను మింగేస్తుంది. నుదురూ చెంప ఎముకలూ మెరుస్తాయి, కళ్ళు రెండు గుంటలవుతాయి. ఎండకు తాళలేక మనిషి మొహం చిట్లిస్తుంది. ఆ బొమ్మ కింద సంపాదకుడు “అమాయకత్వం” అని శీర్షిక పెడతాడు, లేదా “కొండజాతి కాఠిన్యం” అంటాడు. నిజానికి ఆ ముఖంలో కనిపిస్తున్నది రైల్వే టైంటేబులు.

యంత్రం కూడా తటస్థం కాదు. లైట్ మీటరు ఎదుట ఉన్న దృశ్యాన్నంతా నడిమిరకం బూడిదరంగుగా లెక్కగడుతుంది. తెల్లని తలపాగా, తెల్లని ఆకాశం ఫ్రేములో ఎక్కువగా ఉంటే, నల్లని ముఖం మరింత చీకటిలోకి పోతుంది. వెలుగును ముఖం దగ్గరే కొలిచి తీస్తే ఈ చిక్కు లేదు; కాని అందుకు కెమేరా పట్టినవాడు ఆ మనిషికి చేరువగా వెళ్ళాలి. రంగుల ఫిల్ము వచ్చాక లాబొరేటరీలలో చర్మపు రంగును సరిచూసుకోవడానికి దశాబ్దాలపాటు వాడిన నమూనా చిత్రం ఒక తెల్లజాతి స్త్రీది. షిర్లీ కార్డు అనేవారు. ప్రమాణమే అక్కడ ఉన్నప్పుడు గదబ స్త్రీ ముఖం ఆ ప్రమాణానికి లోపంగానే కనిపిస్తుంది.

ఈ చూపుకు చరిత్ర ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు ప్రచురించాడు. పుర్రెలూ ముక్కులూ కొలిచే శాస్త్రానికి ఫొటో అతని చేతిలో మరో కొలబద్ద. అక్కడ తెగకు పేరుంటుంది, మనిషికి ఉండదు. ఆ తర్వాతివాడు హైమెన్‌డార్ఫ్. యుద్ధకాలంలో నైజాం రాజ్యంలో ఉండిపోయిన ఈ ఆస్ట్రియన్ పండితుడు గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య గుడారం వేసుకుని బతికాడు. 1945లో పుస్తకం రాశాడు. ప్రభుత్వం మనిషేనని మనం ఆక్షేపించవచ్చు, ఆక్షేపించాలి కూడా. అయినా కలప వ్యాపారం చేతిలో వాళ్ళు ఎలా నలిగారో నమోదు చేసినవాడూ ఆయనే. పొద్దుటా సాయంత్రమూ అక్కడే ఉన్నవాడికి మధ్యాహ్నపు ఎండతో పనేముంది?

మనవాడైన సునీల్ జానాను కూడా వదలకూడదు. 1943 బెంగాల్ కరువులో పి.సి. జోషి వెంట తిరిగి, పార్టీ పత్రికకు ఆయన తీసిన ఫొటోలు దేశాన్ని కదిలించాయి. ఆకలిని అంత కఠోరంగా చూపిన ఆ కన్నే, తర్వాత ఆదివాసీ స్త్రీల దగ్గరకు వచ్చేసరికి కొన్నిచోట్ల దేహ సౌష్ఠవం దగ్గర ఆగిపోయిందని నా అభిప్రాయం. అభ్యుదయ దృక్పథం ఒక్కటే చాలదు.

మెత్తని వెలుగు కొండల్లో లేక కాదు. గిరిజనుల ఇళ్ళకు చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. దాని కింద కూర్చున్న మనిషి మీద నేరుగా ఎండ పడదు. తెరిపినున్న ఆకాశపు వెలుగు ఎదురుగా వస్తుంది, వాకిట్లోని ఎర్రమట్టి మీద పడిన ఎండ వెచ్చగా గడ్డం కిందికి ఎగజిమ్ముతుంది. కళ్ళు తెరుచుకుంటాయి. కిటికీల్లేని ఇంట్లో గడప దగ్గర కూర్చుంటే వెలుగు ఒక పక్కనుంచే వస్తుంది. ముఖంలోని ఒక్కొక్క ముడతా విడివిడిగా తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటల్లో మాత్రం ఆకుల సందుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడే ఎండ ముఖాన్ని ముక్కలు చేస్తుంది. వలిసె పూల కాలంలో పచ్చదనం చెంపలకు అంటుకుంటుంది. ఫొటోల కోసం నూనెగింజల పంటను తొక్కేవాళ్ళకు ఆ సంగతి పట్టదు.

చూరు కింద కూర్చోమనాలంటే ముందు ఆ ఇంటివాళ్ళు మనల్ని కూర్చోమనాలి. పొద్దుటి ఏటవాలు వెలుగు కావాలంటే, ఆ వేళకు వాళ్ళు పోడుకో కాఫీ పళ్ళు ఏరడానికో నడిచిపోతుంటారు. సాయంత్రపు వెలుగులో కట్టెల మోపుతో తిరిగి వస్తుంటారు. మంచి వెలుగు ఉన్న రెండు వేళలూ శ్రమ చేసేవాళ్ళవే. వాళ్ళతో నడవాలి, లేదా వదులుకోవాలి.

మన కథకులకు ఇది వర్తించదా? గిరిజన స్త్రీ కథలోకి అడుగుపెట్టగానే నల్లరాతి శిల్పమో లేడిపిల్లో అయిపోతుంది. అది కూడా పదకొండు గంటల బండి దిగినవాడి వాక్యమే. అరకుకు ఆనుకునే ఉన్న కోరాపుట్ గురించి గోపీనాథ్ మహంతి 1945లో “పరజా” రాశాడు. ఆయనా ఉద్యోగరీత్యా ఆ కొండల్లో ఉన్న అధికారే. అయినా అందులో సుక్రు జాని ముఖం వర్ణనలవల్ల గుర్తుండదు. ఫారెస్టు గార్డు ముందు, షావుకారు ముందు అది ఎలా మారుతుందో దానివల్ల గుర్తుంటుంది.

ఇప్పుడు కొండల్లో కుర్రవాళ్ళ చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అవ్వను గడప మీద కూర్చోబెట్టి మనవడు ఫొటో తీస్తే, పరాయి కెమేరా ముందు బిగుసుకున్నట్టు ఆమె బిగుసుకోదు. ఫోనులోని మెరుగులు దిద్దే ఏర్పాటు మాత్రం, వెనకటి స్టూడియోవాడు నెగటివు మీద పెన్సిలు పెట్టినట్టే, ముడతలు చెరిపి రంగు తేలుస్తుంది. దాన్ని ఆపేసి తీసినవి కొన్ని, ఆపకుండా తీసినవి కొన్ని, ఒకే ఫోనులో పక్కపక్కనే ఉంటున్నాయి.