వరంగల్లు వీధి విగ్రహములు

గ్రంథమునకు విమర్శ కలదు, నాటకమునకు విమర్శ కలదు, సంగీతమునకును కలదు. నాలుగు త్రోవలు కలియు చోట నిలిపిన విగ్రహమునకు మాత్రము మనలో విమర్శ లేదు. ఆవిష్కరణ దినమున పూలమాలలు, ఉపన్యాసములు. మరునాటినుండి ధూళియు, కాకులును. గ్రంథమును కొనినవాడే చదువును. విగ్రహము బడికి పోవు బాలికకును, కూరగాయల బండి త్రోయు వానికిని, అక్షరము రాని వృద్ధునకును ప్రతిదినము కన్నుల బడుచున్నది. ఇంతమంది చూచునట్టి రచనను ఎవరును పరీక్షింపకుండుట వింత గదా!

విగ్రహము మూగదని తలచుట సరికాదు. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుపై తెలుగు ప్రముఖుల ప్రతిమలను వరుసగా నిలిపిరి. 2011 మార్చి 10వ తేదీన తెలంగాణ ఉద్యమకాలమున జనసమూహము వానిలో పెక్కింటిని పడగొట్టినది. ఆ పని మెచ్చదగినదా కాదా యను చర్చ వేరు. ఎవరిని నిలిపిరి, ఎవరిని విడిచిరి యను ప్రశ్న ఆ చరుపునకు మూలమని యెల్లరెరుగుదురు. విమర్శ సకాలమున రానిచోట గునపము వచ్చును.

ఈ తలంపుతో మేము కాజీపేటనుండి హనుమకొండ మీదుగా ఓరుగల్లు కోటవరకు సైకిలుపై పోయి, త్రోవలోని విగ్రహములను చూచితిమి. మోటారులో పోవువానికి విగ్రహము మలుపునకు గురుతు మాత్రమే. సైకిలువాడు కోరినచోట కాలు నేల నాని ఆగగలడు. పీఠము చుట్టు తిరిగి రాగలడు. ఒక ప్రతిమ మనసులో నుండగనే రెండవదానిని చేరగలడు. మూడు ఊళ్లు కలిసిన యీ నగరమును పోల్చి చూచుటకు ఇంతకంటె తగిన వాహనము లేదు. ప్రతి విగ్రహమును మేము మూడు ప్రశ్నలడిగితిమి: నీవెవరవు? ఏమి చేసితివి? నిన్ను మలచినదెవరు? పెక్కు పీఠములు మొదటి ప్రశ్నకు పేరు మాత్రము చెప్పి, రెండవదానికి మౌనము వహించి, మూడవదానిని విననట్లే యుండినవి. మేమడుగని నాలుగవ ప్రశ్నకు మాత్రము విపులముగ ఉత్తరమిచ్చినవి: ఆవిష్కరించినవారెవరు, అధ్యక్షత వహించినవారెవరు, ముఖ్య అతిథులెవరు!

పీఠముపై ఒక్క అక్షరము లేకున్నను చదువ వీలైన విగ్రహము ఒక్కటి కలదు. అది అంబేద్కరు మహాశయునిది. నీలి కోటు, చంకన గ్రంథము, చాచిన వ్రేలు: ఇంతే చాలును. హనుమకొండ కూడలియందేమి, మారుమూల పేటయందేమి, చూచినవాడు పొరబడడు. శిల్పముగా అన్నియు గొప్పవని మేమనము; కొన్ని మోటుగనే యున్నవి. కాని చాలచోట్ల వానిని పేటవారు తామే చందాలు వేసికొని నిలుపుకొనిరి. తమకేమి కావలెనో యెరిగినవారు కోరిన ప్రతిమయందు అర్థము తప్పక నిలుచును. చదువు, హక్కు, ముందుకు నడక యను మూడు మాటలును ఆ మూర్తిలో నున్నవి.

కాళోజీ నారాయణరావుగారి సంగతి వేరు. నక్కలగుట్ట కూడలిలో ఆయన విగ్రహము కలదు. 2024 నవంబరులో హనుమకొండయందు ఆయన పేర కళాక్షేత్రమును వెలసినది. 1914లో పుట్టి 2002లో గతించిన యీ ప్రజాకవికి నగరము చేసిన గౌరవము తక్కువ గాదు. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినముగా నడచుచున్నది. కాని ఆయన జీవితమునందలి కడపటి కార్యమును ఏ ప్రతిమ చెప్పగలదు? మరణానంతరము తన దేహమును కాకతీయ వైద్యకళాశాలకు ఇప్పించిన మహనీయుడాయన. దహనసంస్కారము లేనిదే గతి లేదని నమ్ము సంఘమున ఇది ఎంతటి సాహసము! దేహమునే విద్యార్థుల కిచ్చినవానికి లోహదేహము నిచ్చి ఋణము తీరినదనుకొనుట తగదు. ఆ ఒక్క సంగతిని పీఠముపై రెండు పంక్తులలో చెక్కించినచో, ఆ కూడలి బాటసారులకు బడి యగును.

ఆచార్య జయశంకరుగారి విగ్రహము ఏకశిల పార్కులో నున్నది. స్థలము ఎన్నికయే ఇందలి గుణము. గురువునకు వాహనముల రొదకంటె పిల్లలు తిరుగు చోటు తగును. చూచువాడు నిలిచి ఆలోచించుటకు తావున్నది.

ఇక రుద్రమదేవి. ఈ నగరము తనదని చెప్పుకొనదగిన మొదటి పేరామెది. నేటి శిల్పులు, చిత్రకారులు ఆమెను తీర్చు తీరు మన మెరిగినదే: ఎగసిన గుఱ్ఱము, ఎత్తిన కత్తి, ఒడలినిండ నగలు, ఎన్నటికిని వాడని యౌవనము. 2015లో వచ్చిన చలనచిత్రము ఆ ముద్రను ఇంకను గట్టిపరచినది. కాని చరిత్రయందలి రుద్రమ 1262 మొదలు 1289 వరకు రాజ్యభారము వహించినది. శాసనములలో రుద్రదేవ మహారాజని పురుషనామమున పిలువబడినది. కూతురి కుమారుడగు ప్రతాపరుద్రుని దత్తు గొని యువరాజును చేసినది. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమెయు సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిన సంగతిని తెలుపుచున్నది. అనగా కడపటి దినములలో ఆమె అమ్మమ్మ.

ఆ కాలపు శిల్పి ఆమెను ఎట్లు చూచెనో తెలియజేయు రెండు రాళ్లు వరంగల్లుకు చేరువనున్న బొల్లికుంటలో కలవు. అవి రుద్రమ ప్రతిమలేయని పురావస్తుశాఖవారు 2017లో నిర్ణయించిరి. ఒకదానిలో ఆమె గుఱ్ఱమెక్కి కళ్లెము పట్టి యున్నది. పైన రాజచ్ఛత్రము కలదు. రెండవదానిలో ఛత్రము లేదు. అలసి యొకప్రక్కకు ఒరిగిన మూర్తి, ప్రక్కన యముని వాహనమగు మహిషము. పండితులు దీనిని ఆమె అవసానమునకు సూచనగా గ్రహించిరి. ఎంతటి నిబ్బరము! రాణి అలసటను చూపుటకు ఆ శిల్పి సిగ్గుపడలేదు. ఏడు శతాబ్దముల పిమ్మట మనము ఆమె ముడుతలను దాచుచున్నాము. స్త్రీ వీరురాలైనను పడుచుగా, సొగసుగా నుండిననే పూజ్యురాలను తలంపు మన శిల్పమున దూరినది. మన బాలికలకు కావలసిన రుద్రమ ఏది? అద్దములో చూచుకొనదగిన రుద్రమయా, ఇరువదియేడేండ్లు బరువు మోసిన రుద్రమయా?

చాకలి ఐలమ్మను గూర్చియు ఇదే మాట. పాలకుర్తిలో కౌలుకు తీసికొనిన పొలముపై పంటను, విస్నూరు దేశముఖు మనుష్యులకు దక్కనీయక సంఘమువారి తోడ్పాటుతో ఇంటికి చేర్చుకొనిన ధీర యామె. హైదరాబాదు మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. ఆమె ప్రతిమకు నగలక్కరలేదు, గుఱ్ఱమక్కరలేదు. ప్రక్కన ఒక వడ్లబస్తా యుండిన చాలును, కథ యంతయు తెలియును.

మూడవ ప్రశ్న మిగిలినది: మలచినదెవరు? పాలంపేటలో 1213 నాటి దేవాలయము కలదు. రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో ప్రపంచవారసత్వ స్థలమైనది. దానిని జనులు పిలుచు రామప్ప యను పేరు శిల్పిదని వాడుక. కట్టించిన సేనాని పేరు శాసనమున నుండగా, చెక్కినవాని పేరు జనుల నాలుకపై నిలిచినదన్నమాట. అట్టి సీమలో నేటి విగ్రహములను చేసినవారి పేళ్లు పీఠములపై దొరకకుండుట న్యాయమా?

విగ్రహములకు వెచ్చించు ధనముతో బడులు కట్టరాదా యని కొందరు సంస్కారప్రియు లడుగుదురు. అది సరియైన ప్రశ్నయే. పైగా రాజమార్గములపై, కాలిబాటలపై క్రొత్త విగ్రహములకు అనుమతి యీయరాదని సుప్రీముకోర్టు 2013 జనవరి 18న ఉత్తరువు చేసినది. అందుచేత మేము క్రొత్తవానిని కోరుట లేదు. ఉన్నవానికి నోరిమ్మని కోరుచున్నాము. ఆవిష్కర్తల పేళ్లు చెక్కిన పలక యంతటి పలకయే చాలును: పేరు, పుట్టిన గిట్టిన యేండ్లు, చేసిన మేలు నాలుగు సులభమైన తెలుగు వాక్యములలో, చివర శిల్పి పేరు. దీని వెల జయంతినాడు కొను పూలదండలకంటె మిక్కిలి కాబోదు. పురపాలకులు చేయనిచో పాఠశాలల ఉపాధ్యాయులు మొదలిడవచ్చును: ఒక ఆదివారము పిల్లలను సైకిళ్లపై వెంట గొని పోయి, ఆ మూడు ప్రశ్నలను వారిచేతనే అడిగించి, ఉత్తరములను వారిచేతనే వ్రాయించవలెను. బాలికలనుకూడ తప్పక తీసికొని పోవలెను. రుద్రమను గూర్చిన నాలుగు వాక్యములు వారు వ్రాయుటయే మేలు.