తల్లి మాత్ర, కుమారుని సూది: ‘రిక్వియమ్ ఫర్ ఎ డ్రీమ్’ చిత్రముపై ఒక పరిశీలన

వ్యసనము పాపమా, నేరమా, వ్యాధియా? సంఘకాపరికి తరచుగా ఎదురగు ఈ ప్రశ్నను ‘రిక్వియమ్ ఫర్ ఎ డ్రీమ్’ చిత్రము సూటిగా లేవనెత్తుచున్నది. హ్యూబర్ట్ సెల్బీ 1978లో వెలువరించిన నవల ఆధారముగా డారెన్ అరనాఫ్‌స్కీ 2000లో తక్కువ వ్యయముతో దీనిని నిర్మించెను.

న్యూయార్కు యువకుడైన హ్యారీ హెరాయిన్ కొరకు తల్లి టీవీని తాకట్టు పెట్టును. తల్లి శారా డబ్బు కట్టి విడిపించుకొనును. అతడు స్నేహితునితో కలిసి మత్తుమందు అమ్మకమునకు దిగును. ఆమె టీవీలో కనబడవలెనను ఆశతో, బరువు తగ్గుటకు వైద్యుడు వ్రాసిన మాత్రలు మింగి మతి చలించును. సూదిని, మాత్రను దర్శకుడు ఒకే వేగముతో, ఒకే తీరున చూపెను. చట్టము వాటిని వేరుచేసినను బానిసత్వము ఒక్కటే. సారా త్రాగువానిని పేరుపెట్టి గద్దించి, నిద్రమాత్రలకు లోబడిన పెద్దింటివారిని విడిచిపెట్టు ప్రసంగములకు ఇది హెచ్చరిక.

లూకా 15లోని ఉపమానము ఇక్కడ తలక్రిందులాయెను. ఇంటికి వచ్చిన కుమారుడు తల్లి స్థితి గుర్తించి, వద్దని చెప్పి, బయట టాక్సీలో ఏడ్చి వెళ్లిపోవును. తరువాత చేతి పుండుకు చికిత్స కోరి వెళ్లిన ఇద్దరు స్నేహితులను వైద్యుడే పోలీసులకు పట్టించును.

చిత్రము పతనమును చూపినంత బలముగా విడుదలను చూపదు. అందరును ఒంటరిగా ముడుచుకొని పడియుందురు. ఆసుపత్రిలో శారాను చూచిన పొరుగు స్త్రీలు బయట ఒకరినొకరు పట్టుకొని ఏడ్తురు. వారి ప్రేమ నిజమే, గాని ఆలస్యమైనది.

మన ప్రాంతపు అనుభవము వేరు. 2022 వరకు సూళ్లూరుపేట కూడ చేరియుండిన నెల్లూరు జిల్లాలోనే, దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా పాఠములోని కథ చదివి సారాపై ఏకమైరి. ఆ ఉద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించగా, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. అయితే 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. శాసనము ఒక్కటే చాలదు, పొరుగువారి మెలకువ నిలిచియుండవలెను.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64-ఎ సెక్షను ప్రకారము, వాడకము లేక స్వల్ప పరిమాణపు కేసులో ఉన్న వ్యసనపరుడు స్వచ్ఛందముగా గుర్తింపు పొందిన కేంద్రములో చికిత్స పొందినయెడల ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు కలదు. జాతీయ రహదారిపైనున్న సూళ్లూరుపేటవంటి పట్టణములలోని కాపరులు దీనిని తెలిసికొనుట అవసరము.

అశ్లీల దృశ్యములుండుటచేత ఈ చిత్రము సంఘములో ప్రదర్శనకు తగదు. సెమినరీ తరగతిలో చర్చకు తగును. అక్కడ అడుగవలసిన ప్రశ్న ఒకటి: హ్యారీ మన గుమ్మము తట్టినయెడల, అతనిని మనము ఎవరికి అప్పగింతుము?