జాతి పరిహాసము – పాత్రోన్నతి: ‘నాగ్’ పాత్ర పరిశీలనము

ఒక జాతినంతటిని ఒక్క గుణముతో గుర్తించి నవ్వించుట రచయితలకు సులభమైన మార్గము. సెట్టి యనగా లోభి, కోయదొర యనగా సోది చెప్పు వింతమనిషి. ఈ అచ్చులలో పోసిన పాత్రలు తెలుగు నాటకములందును చలనచిత్రములందును కొల్లలు. అట్టి అచ్చులో పుట్టిన పాత్ర దానిని పగులగొట్టుకొని నిండు మనుష్యుడుగా బయటికి రాగలడా? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము అమెరికాదేశపు వైజ్ఞానిక కల్పనా ధారావాహిక ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ (1993–1999) లో లభించుచున్నది. టెలివిజనులో ప్రసారమైన ఆ కథయందలి కుఱ్ఱవాని పేరు నాగ్.

నాగ్ ఫెరెంగీ జాతివాడు. ఆ పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. యూరపువారిని పారసీకులు ‘ఫరంగీ’ యనిరి. అదియే తెలుగు నోట ‘పరంగి’ యైనది. వారి పెద్ద తుపాకికి ‘ఫిరంగి’ యను పేరైనది. సముద్రము దాటి వచ్చిన తెల్లవారికి తూర్పుదేశములు పెట్టిన పేరును అమెరికా రచయితలు గ్రహాంతర వర్తకజాతికి పెట్టుట వ్యంగ్యగర్భితము. కాని 1987లో ‘ద లాస్ట్ అవుట్‌పోస్ట్’ అను భాగమున ఆ జాతి తొలిసారి కనబడినప్పుడు దానికి కల్పించిన రూపము పొట్టి దేహము, పెద్ద చెవులు, వాడి పండ్లు, తీరని ధనదాహము. యూదులను గూర్చి యూరపులో శతాబ్దములుగా ప్రచారమందున్న వికృతచిత్రమే ఇందు తిరిగి కనబడుచున్నదని పలువురు ఆక్షేపించిరి. రచయితలు తమ సమాజపు లాభాపేక్షనే వెక్కిరింపదలచి యుండవచ్చును. అయినను ఉద్దేశము రచయితయొద్దనే నిలుచును. ప్రేక్షకుని చేరునది రూపము.

తెలుగు రంగస్థలమునను ఇట్టిదే జరిగినది. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ వేశ్యాలోలత్వమును ఖండింప వ్రాసిన నాటకము. ప్రదర్శనలలో సుబ్బిసెట్టి పాత్రచుట్టును మోటు హాస్యము పేరుకొని, తుదకు ఆ హాస్యమే నాటకముకంటె పెద్దదైనది. ఆర్యవైశ్యుల అభ్యంతరముపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 జనవరిలో ప్రదర్శనను నిషేధించినది. నొచ్చినవారి నొప్పి నిజమైనదే. కాని నిషేధము పాత్రను రంగస్థలమునుండి తొలగింపగలదే గాని, సుబ్బిసెట్టికి ఒక హృదయమును ఈయజాలదు. అది రచయిత చేయవలసిన పని.

‘డీప్ స్పేస్ నైన్’ రచయితలు ఆ పనియే చేసిరి. ఎరాన్ ఐసెన్‌బర్గ్ ధరించిన నాగ్ పాత్ర మొదట దొంగతనమున పట్టువడిన కొంటెకుఱ్ఱడు, చదువు రానివాడు. తండ్రి రోమ్ అతనిని బడి మాన్పింపగా, అంతరిక్ష కేంద్రాధిపతి సిస్కో కుమారుడు జేక్ అతనికి రహస్యముగా చదువు నేర్పును. ఇది 1993 నాటి కథ.

1995 నాటి ‘హార్ట్ ఆఫ్ స్టోన్’ భాగము ఈ పాత్రకు ప్రాణము. నాగ్ అంతరిక్ష నౌకాదళ విద్యాలయమున చేరగోరి సిస్కో యొద్దకు వచ్చును. తన జాతి ఆచారము ననుసరించి శిష్యరికమునకు ముందుగా ధనము చెల్లింపబోవును. సిస్కో అతని శంకించి సరకుల లెక్కింపు అప్పగించగా, ఒక్క వస్తువైనను దొంగిలింపక పని ముగించును. గట్టిగా నిలదీయగా అసలు సంగతి బయటపడును. తండ్రికి యంత్రవిద్యలో గొప్ప నేర్పు కలదు, వ్యాపారము చేతకాదు. వ్యాపారము రానివానికి ఆ జాతిలో విలువ లేదు. తన బ్రదుకును అట్లే చితికిపోవునేమో యను భయమే కుఱ్ఱవానిని అక్కడికి తెచ్చినది. అచట నవ్వు ఆగిపోవును. లోభమనునది ఆ జాతి రక్తమందలి గుణము కాదనియు, ఆ జాతిలోనే కొందఱిని నలిపివేయు కట్టుబాటనియు ప్రేక్షకునకు తెలియును.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. నాగ్ గౌరవము పొందినది పరుల దుస్తులు ధరించిన పిదపనే. ‘వాడు తనవారివంటివాడు కాడు’ అను మెప్పులో జాతినింద దాగియుండును. ఈ లోపమును పూరించునది రోమ్ పాత్ర. అతడు 1996 నాటి కథలో అన్నయైన క్వార్క్ నడుపు పానశాలలో పనివారిని కూడగట్టి సమ్మె చేయును. 1999లో కథ ముగియు వేళకు ఫెరెంగీల అధినేత యగును. కొడుకు బయటికి పోయి నెగ్గగా, తండ్రి తనవారి నడుమనే నిలిచి నెగ్గినాడు.

ఈ విచారము దూరదేశపు వినోదమునకే పరిమితము కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు కొరాపుట్ సీమ మద్రాసు రాజధానినుండి విడివడినది. నాటినుండి బంధుగాం వంటి సరిహద్దు ప్రాంతములందు తెలుగు అల్పసంఖ్యాకుల భాష. తెలుగు బిడ్డ ఒడియాలో తడబడినప్పుడు ఎవరైన నవ్వినచో తెలుగువారికి నొప్పి కలుగును. కువి మాటలాడు కోంధు బిడ్డ తెలుగులో తడబడినప్పుడు నవ్వువారెవరు? కువియు తెలుగును ద్రావిడ భాషలలో దక్షిణ-మధ్య శాఖకు చెందిన తోబుట్టువులు. చలనచిత్రములలోని కోయదొర వేషమును చూచి నవ్వుటకు అలవాటుపడిన కన్ను, సంతలో ఎదుటనున్న మనుష్యునియందును ఆ వేషమునే చూచును.

కావున ఇట్టి పాత్రలను పరిశీలించుటకు ఒక కొలత చెప్పవచ్చును. పరిహాసమునకు గుఱియైనవాడు తన కారణమును తన నోటితో చెప్పుకొనుటకు కథలో చోటు కలదా? అతడు పైకి వచ్చినప్పుడు అతనివారికిని గౌరవము పెరిగినదా? నాగ్ కథ మొదటి ప్రశ్నకు నిస్సందేహముగను, రెండవదానికి తండ్రి ద్వారమునను నిలిచినది. బడికిని ఇదియే కొలత. బాలునికి పరభాష నేర్పవలెను. దానికి వెలగా తన తండ్రిని చిన్నచూపు చూచుట నేర్పరాదు.