తెల్లవారుజాము లెక్క

ఎండాకాలం ముదిరిందంటే చాలు, పత్రికల్లో రెంటచింతల లావు అక్షరాల్లోకి ఎక్కుతుంది. వెనకే రామగుండం. 45 అని ఒకరు, 46 అని ఒకరు, అంకెల పోటీ. అవే ఊళ్లలో తెల్లవారుజామున ఎంత వేడి మిగిలిందో తెలుసుకోవాలంటే మాత్రం ఈ వారం కూడా లోపలి పేజీ మూలన చిన్న పెట్టెను వెతుక్కోవలసి వచ్చింది. కనిష్ఠ ఉష్ణోగ్రత మీద ఈ కాలమ్‌కున్న పట్టుదల పాత పాఠకులకు తెలిసిందే. గరిష్ఠం ఒక్కటే చెప్పడమంటే సగం జమాఖర్చు చూపించి పుస్తకం మూసెయ్యడం. నా మాట చాదస్తంగా తోచేవారి కోసం ఈసారి ఒంటెను సాక్ష్యానికి పిలుస్తున్నాను.

ఒంటె మూపురంలో నీళ్లుంటాయని పిల్లలకు చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. అందులో ఉన్నది కొవ్వు. కొవ్వు కరిగితే నీరు పుట్టదా అని కొందరు సర్దిచెబుతారు. పుడుతుంది గానీ, దాన్ని కరిగించడానికి కావలసిన ఆక్సిజన్ కోసం ఎడారి పొడిగాలిని పీల్చి వదలడంలోనే ఆ లాభమంతా ఆవిరైపోతుంది. అసలు కిటుకును 1953-54లో క్నూట్, బోడిల్ ష్మిట్-నీల్సన్ దంపతులు అల్జీరియా సహారాలోని బెనీ అబ్బాస్‌లో ఒంటెలకు థర్మామీటరు పెట్టి తేల్చారు. రోజూ నీళ్లు దొరికే ఒంటెకు ఒంటి వేడి పగటికీ రాత్రికీ రెండు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది, అంతే. నీళ్లు ఆపేస్తే తెల్లారేసరికి 34 దాకా దిగి, మధ్యాహ్నానికి 40 దాటుతుంది. మనకైతే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన జ్వరమది, ఒంటెకు పొదుపు. 500 కిలోల ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే సుమారు 400 కిలోకేలరీలు పడుతుంది, ఆరు డిగ్రీలకు 2,400. ఆ వేడిని చెమటతోనే వదిలించుకోవాలంటే, లీటరుకు 580 చొప్పున, నాలుగు లీటర్ల పైచిలుకు నీరు ఖర్చు. ఒళ్లు అప్పటికే వేడిగా ఉంది కనుక బయటి గాలి నుంచి లోపలికి చొరబడే వేడీ తగ్గుతుంది. మిగతా పని వీపు మీది బొచ్చుది: దాన్ని కత్తిరించి చూస్తే చెమట ఖర్చు దాదాపు ఒకటిన్నర రెట్లైంది. మొత్తానికి ఒంటె పగలంతా వేడిని అప్పు చేసి, రాత్రి చల్లటి ఆకాశానికి చుక్క నీరు ఖర్చు కాకుండా తీర్చేస్తుంది.

ఒళ్లు కాగితే మెదడు ఉడకదా అన్నది న్యాయమైన అభ్యంతరం. రిచర్డ్ టేలర్ ప్రయోగశాలలో చూసిన తూర్పు ఆఫ్రికా ఒరిక్స్ జింకకైతే ఒంటి వేడి 45 దాటినా గంటల తరబడి ఓర్చుకుంది. దానికి ఆయన చెప్పిన జవాబు చాలాకాలం పాఠ్యపుస్తకాలనేలింది. మెదడుకు వెళ్లే ధమని కపాలం అడుగున సన్నటి నాళాల వలగా చీలుతుంది. ముక్కులో చల్లబడి తిరిగొచ్చే సిరల రక్తం ఆ వల చుట్టూ చేరి దాన్ని చల్లబరుస్తుంది. అలా మెదడు బతుకుతుంది. అందంగా ఉంది, సగమే నిజం. దక్షిణాఫ్రికాలో డంకన్ మిచెల్, ఆండ్రియా ఫుల్లర్ వంటివారు స్వేచ్ఛగా తిరిగే జంతువుల ఒంట్లో చిన్న నమోదు పరికరాలు అమర్చి చూస్తే, ప్రాణభయంతో పరుగెత్తేటప్పుడు, అంటే మెదడుకు చల్లదనం బాగా అవసరమనుకునే ఘడియలోనే, ఈ ఏర్పాటు మూతపడుతోంది. తీరిగ్గా నీడన నిలబడినప్పుడు పనిచేస్తోంది. మరి ఎందుకు? ఒంటి వేడిని కొలిచే కేంద్రం మెదడులోనే ఉంది. దాన్ని కాస్త చల్లగా ఉంచితే చెమట పట్టించమనీ రొప్పమనీ అది తొందరపెట్టదు. అంటే ఇదీ నీటి పొదుపే. ఈ వల లేని గుర్రం, గాడిద చెమట పట్టించుకునే ఈడుస్తాయి. గాడిదైతే పోగొట్టుకున్న నీళ్లను నిమిషాల్లో తాగి పూడ్చుకుంటుంది.

ఇంతదాకా చదివితే మెప్పంతా ఒంటె ఒంటికే దక్కాలనిపిస్తుంది. నిజానికి అందులో పెద్ద వాటా ఎడారి రాత్రిది. మబ్బు లేని, తేమ లేని ఆకాశం ఉంటేనే ఆ అప్పు తీరేది. తీరకపోతే మర్నాడు 34 నుంచి కాదు, 37 నుంచో 38 నుంచో మొదలుపెట్టాలి. దాచుకునే చోటు సగానికి పడిపోతుంది. ఎడారి జంతువు సంగతి మన పశువులకెందుకంటారా? అరిజోనా ఎండల్లో పెంచే హోల్‌స్టీన్ ఆవుల మీద 1992లో వెలువడిన అధ్యయనం ఇదే చెప్పింది: పగలు ఎంత కాచినా, రాత్రి మూడు నుంచి ఆరు గంటల పాటు 21 డిగ్రీల లోపు చల్లదనం దొరికితే పాలు పెద్దగా తగ్గవు. మన కోస్తాలో రోహిణి కార్తె రాత్రులు ఆ దరిదాపులకైనా వస్తాయా? ఒంగోలు జాతి పశువు దీనికి వేరే దారి పట్టింది. దాని ఒళ్లు పుట్టించే వేడే తక్కువ, నున్నటి తెల్లబొచ్చు, వేలాడే గంగడోలు. అది అప్పు చేసేదే కొంచెం. బ్రెజిల్‌వాళ్లు నెల్లూరు పేరుతో మందలు మందలు పెంచుకుంటున్నది ఊరికే కాదు. నల్లతోలు, అరకొర స్వేదగ్రంథులు ఉన్న గేదెకు ఆ వెసులుబాటు లేదు. పగలు చెరువులో దిగి గట్టెక్కినా, రాత్రి దాన్ని పగలంతా కాగిన రేకుల కింద, గాలాడని షెడ్డులో కట్టేస్తాం.

ఇక్కడ నా పాత పాటా చాలడం లేదు. కనిష్ఠం పత్రిక మొదటి పేజీలో అచ్చయినా అది తెల్లవారుజామున ఒక్క క్షణపు అంకె. అరిజోనా ఆవు అడిగింది క్షణాన్ని కాదు, గంటల్ని. రాత్రి రెండింటికి చల్లబడిన 27కూ, అయిదున్నరకు గానీ దిగని 27కూ పత్రికలో తేడా కనబడదు, కొట్టంలో కనబడుతుంది. వాతావరణ కేంద్రాల్లో గంటగంటకూ లెక్క ఉంటుంది గనుక ఏ వేళకు ఎంత చల్లబడిందో, గాలిలో తేమ ఎంతో మండలాలవారీగా చెప్పడం కష్టం కాదు. దాణా చల్లపూట వెయ్యమని పాడి రైతుకు ఏటా సలహా ఇస్తూనే ఉన్నారు. మేత అరిగేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది కాబట్టి సలహా సబబే. ఆ చల్లపూట వాళ్ల ఊళ్లో ఎన్నింటికి మొదలవుతోందో కూడా చెబితే రైతు గేదెను ఎప్పుడు బయట కట్టాలో, మేత ఎప్పుడు వెయ్యాలో తనే చూసుకుంటాడు.