హంతకుడికి పేరు, హతులకు లెక్క

అమెరికాలో మన తెలుగువాళ్ళ వారాంతపు విందుల్లో ఇదివరకు కొత్త సినిమాల కబుర్లు నడిచేవి. ఇప్పుడు నిజంగా జరిగిన హత్యల మీద తీసిన సీరియళ్ళ గురించీ అంతే తీరిగ్గా మాట్లాడుకుంటున్నాం. "ఇందులో ఎంతమంది పోయారు?" అని అడుగుతూనే పప్పు వడ్డించుకుంటాం.

2022 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'డామర్' పది భాగాల సీరియల్. 1978 నుంచి 1991 దాకా 17 మందిని చంపిన జెఫ్రీ డామర్ కథ. అందులో రక్తపాతం ఎక్కువని కొందరికి ఫిర్యాదు. నా ఫిర్యాదు వేరు: మనల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టి ఈ కథ చెబుతున్నారు? మొదటి ఐదు భాగాలూ చాలావరకు హంతకుడి చుట్టూనే తిరుగుతాయి. అతని బాల్యం, ఒంటరితనం, తండ్రితో గొడవలు అన్నీ మనకు తెలుస్తాయి. చనిపోయేవాళ్ళు మాత్రం ఎవరో తెలిసేలోపే వెళ్ళిపోతారు. కాసేపటికి "అయ్యో" అనడం మానేసి "ఈసారి ఎలా?" అనుకుంటాం. మా కంప్యూటర్ల వృత్తిలో ఇది పాత సంగతే. రోజంతా మోగే అలారం డ్యూటీలో ఉన్నవాడి చెవికెక్కదు.

ఆరో భాగం ఈ వరుసను తెంచింది. వినికిడి లేని ఒక యువకుడి జీవితం ఇందులో కథ. స్నేహితులు, ఉద్యోగ ప్రయత్నాలు, కొడుకు మీద ప్రాణాలు పెట్టుకున్న తల్లి. హత్యను దాదాపుగా చూపించరు. అయినా మొత్తం సీరియల్లో నేను తట్టుకోలేకపోయింది ఈ భాగమే. చిత్రమేమిటంటే, జరిగింది అలా కాదని, తమ పేర్లు ఎలా వాడుకుంటారని ఆ తల్లే అభ్యంతరం చెప్పింది. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

మనం మరిచిపోకూడని ఘట్టం మరొకటుంది. 1991 మే నెలలో, లావోస్ నుంచి వలస వచ్చిన కుటుంబంలోని పద్నాలుగేళ్ళ కుర్రవాడు తప్పించుకుని వీధిలోకి వచ్చాడు. ఇరుగుపొరుగు నల్లజాతి స్త్రీలు మొత్తుకుంటున్నా వినకుండా పోలీసులు అతన్ని తిరిగి హంతకుడికే అప్పగించారు. ఆ రాత్రే ఆ అబ్బాయి చనిపోయాడు. హంతకుడి మనసులో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం మనకుంది. ఆ స్త్రీల మాట ఎందుకు చెల్లలేదన్న ప్రశ్న, పరాయి దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్న మనకు అంతకన్నా దగ్గరిది. ఈ సీరియల్ చూసినవాళ్ళు ఈసారి విందులో ఆ ప్రశ్న వేస్తే బాగుంటుంది.